నేను సన్నబడ్డ ఎండాకాలం

కిందటి నెల అత్తను చూడడానికి అరసవల్లి వెళ్ళాను. అత్తంటే మా నాన్నకు అప్ప, సొంత అక్క, నాకు మేనత్త. హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరై చాలా కాలమైంది. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగి మంచంలో ఉందని తెలిసి, మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ ఇల్లేమీ మారలేదు. గడప దాటగానే అదే ఫినాయిలు వాసన, బీరువా తలుపు తెరిస్తే అవే కలరా ఉండలు, గోడమీద బైబిలు వాక్యాల క్యాలెండరు. క్యాలెండరు పక్కన నా ఫోటో. స్టూడియోలో నీలం తెర ముందు లంగా ఓణీలో నిలబడి నవ్వుతున్న పదిహేడేళ్ళ పిల్ల. మెడ కింద ఎముకలు రెండూ పైకి తేలి ఉన్నాయి. అత్త మంచం మీంచే మా అమ్మాయిని దగ్గరికి పిలిచి ఆ ఫోటో చూపించింది. "సూడమ్మా, మీ అమ్మ ఎంత బాగుండీదో. నా సేతుల్లో ఉన్నన్నాళ్ళూ అలాగుండీది" అంది. మా అమ్మాయి ఫోటో వంక చూసి, నా వంక చూసి, మళ్ళీ ఫోటో వంక చూసింది.

తిరిగి వస్తూ ఆటోలో అడిగింది: "అమ్మా, నువ్వు మళ్ళీ అలా ఎప్పుడవుతావు?" దానికి ఎనిమిదేళ్ళు. అందులో కొంటెతనం ఏమీ లేదు, తెలుసుకుందామని అడిగింది. నేను ఆటో అతనికి దారి చెప్పే నెపంతో ముందుకు వంగి, జవాబు దాటేశాను. దానికి చెప్పవలసిన జవాబు పెద్దది, ఎనిమిదేళ్ళ పిల్లకు చెప్పేది కాదు. ఆ ఫోటో తీసిన వారానికి నేను ఒళ్ళు తెలియని స్థితిలో ఆసుపత్రిలో పడి ఉన్నాను. ఆ ఫోటోలో నవ్వుతున్న పిల్ల చచ్చిపోతోంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు, తీసినవాడికి తెలియదు, పక్కన నిలబడి ఓణీ కుచ్చిళ్ళు సర్దిన అత్తకూ తెలియదు. తర్వాత డాక్టరు ముఖం మీదే చెప్పినా, అత్తకు ఇప్పటికీ తెలియదనే అనుకుంటాను. తెలిస్తే అది గోడమీద ఉండదు.

అప్పట్లో మేం అత్త ఇంట్లోనే ఉండేవాళ్ళం. ముందు గదులు అత్తవి, వెనక రెండు గదులు మావి, వంటిల్లు ఒకటే. నాన్న పసివాడుగా ఉన్నప్పుడే నానమ్మ పోయిందట. అప్పటికే అత్త భర్తను పోగొట్టుకుని టీచరు ఉద్యోగం చేసుకుంటోంది. తమ్ముణ్ణి తనే పెంచింది, చదివించింది, కరెంటాఫీసులో గుమాస్తా అయ్యేదాకా వెంటబడింది, సంబంధం కూడా తనే చూసింది. అందుకని నాన్న తలంతా నెరిసిపోయాక కూడా అత్త ముందు కుర్చీలో వెనక్కి వాలి కూర్చునేవాడు కాదు. అమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. వరీ చోళ్ళూ, అంటే రాగులూ, పండించుకునే ఇల్లు. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఆ సంగతి అత్త అమ్మను మరచిపోనిచ్చేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైనా, ఉతికిన దుప్పటి మీద మరక మిగిలినా "ఏడో క్లాసు" అనేది, అంతే. ఇంకేమీ అనేది కాదు. అమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

తెల్లవారుజామున అయిదింటికి అత్త దగ్గుతో ఇల్లు లేచేది. ముఖాలు కడుక్కుని చాప మీద కూర్చుని ఒక కీర్తన, ఒక వాక్యం, ఒక ప్రార్థన. ప్రార్థన ఎప్పుడూ అత్తే చేసేది, ఆమెన్ మాత్రం మాది. తర్వాత పాలు లేని కాఫీ. ఎనిమిదయ్యేసరికి వంటింట్లోంచి ఎండు నెత్తళ్ళ చేపలు వేగే వాసన వీధి దాకా పోయేది. ఆ వాసనకు నా కడుపులో పేగులు కదిలేవి. అత్తకు ఏ వాసనకూ ఏదీ కదిలేది కాదు. గుప్పెడు అన్నం, గరిటెడు పప్పు, పలచటి మజ్జిగ, అంతే ఆవిడ భోజనం. ఒక్కో ముద్దా ఎంతో సేపు నమిలి, ఇంకా ఆకలి ఉండగానే కంచం ముందుకు నెట్టేది. అలా నెట్టేటప్పుడు మా అందరి కంచాల వంకా ఒకసారి చూసేది. ఏటా తన పెళ్ళిరోజున బీరువాలోంచి పెళ్ళినాటి జాకెట్టు తీసి తొడుక్కుని, హుక్కులన్నీ పెట్టుకుని, హాల్లోకి వచ్చి నిలబడేది. మేం చూసి బాగుందనాలి. సన్నగా ఉండడం ఆవిడ దృష్టిలో శుభ్రంగా ఉండడం లాంటిదే. లావుగా ఉన్నవాళ్ళు ఆవిడకు స్నానం చెయ్యనివాళ్ళలా కనబడేవారు.

నేను పుట్టుకతోనే బొద్దు. చిన్నప్పుడు ఎత్తుకున్నవాళ్ళు ముద్దుచేశారు. పన్నెండేళ్ళు వచ్చాక ముద్దు ఆగిపోయింది. అత్త నాకు గోలెం అని పేరు పెట్టింది. గోలెమంటే పశువులకు కుడితి కలిపే పెద్ద తొట్టి. దీవెన అని ఇంత మంచి పేరు ఉంచుకుని, ఇంట్లో నేను గోలేన్నే. "ఒసే గోలెం, గేటు తియ్యి." "గోలెం కాలేజీ నుంచి వచ్చిందేటి?" నాన్న నవ్వేవాడు కాదు, అలా అని వద్దనేవాడూ కాదు. టైలరు దగ్గరికి అత్తే తీసుకెళ్ళేది. కొలత తీసుకున్నాక, దానికి రెండంగుళాలు తగ్గించి కుట్టమని చెప్పేది. కుట్టి తెచ్చిన జాకెట్లు నాకు చేతుల్లోనే పట్టేసేవి. తగ్గాక వేసుకోవచ్చని బీరువాలో పెట్టించేది. పండక్కి కొత్తబట్టలు బీరువాలో ఉండి, నేను పాతవాటిలో చర్చికి వెళ్ళిన సందర్భాలున్నాయి. చర్చిలో ప్రేమవిందు జరిగినప్పుడు అత్త ఎదురు వరసలో కూర్చునేది. వడ్డించే చర్చి అన్నయ్య నా ఆకు దగ్గరికి రాగానే అంత దూరం నుంచి "దానికి సాలు" అనేది. ఆ అన్నయ్య గరిటె వెనక్కి తీసుకునేవాడు. వరసలో అందరూ నా ఆకు వంక చూసేవారు.

ఇంటర్లో ఉండగా ఒక క్రిస్మస్‌కు ముందు జరిగింది మాత్రం ఈ రోజుకీ నాకు నోట్లో రుచిగా తెలుస్తుంది. కేరల్స్ పాడుతూ ఇంటికి వచ్చేవాళ్ళ కోసం అమ్మ గులాబీ పువ్వులు వండి డబ్బాలో పోసింది. బియ్యప్పిండీ గుడ్డూ కలిపి అచ్చుతో నూనెలో వేసే పిండివంట అది. వండుతున్నంత సేపూ నన్ను వంటింటి వైపు రానివ్వలేదు. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక నాలుగు తీసుకుని పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని తింటున్నాను. అత్త కిటికీలోంచి చూసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూటం. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు, పాస్టరు అయ్యగారి భార్య, అందరూ వచ్చి చాపల మీద కూర్చున్నారు. అత్త మధ్యలో ఒక స్టూలు వేయించి, నన్ను పిలిచి కూర్చోబెట్టి, ఆ డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"తిను" అంది. "దొంగతనంగా ఎందుకు? అందరూ సూస్తుండగా తిను. డబ్బా కాళీ అయ్యాకనే పాట ఎత్తుదాం."

మొదట కొందరు నవ్వారు. పరాచికమనుకున్నారు. నేను ఒకటి తిన్నాను, రెండోది తిన్నాను. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. నా నోట్లో అవి విరుగుతున్న చప్పుడు తప్ప గదిలో ఏ చప్పుడూ లేదు. ఒకావిడ పాటల పుస్తకం తెరిచి అందులోకి తల దూర్చింది. అయ్యగారి భార్య చివరికి "సాల్లెండి అక్కయ్యా, పిల్లది" అంది. అత్త కళ్ళు తిప్పకుండా "ఆకలి తీరితే అదే ఆపుతాదమ్మా" అంది. అమ్మ వంటింటి గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ఆ పళ్ళెం తీసుకుని నా పక్కనుంచే వెళ్ళి ఒక్కొక్కరికీ టీ ఇచ్చింది. నేను పెరట్లోకి పరిగెత్తి కక్కుకునేదాకా ఎవరూ నన్ను లేవమనలేదు. నేను వెనక నూతి దగ్గర నోరు కడుక్కుంటుంటే లోపలినుంచి అత్త ప్రార్థన వినబడింది. ఈ పిల్లకు తిండి మీదున్న ఆశను తీసివెయ్యి ప్రభువా, దీని శరీరాన్ని నీకు యోగ్యంగా చెయ్యి అని గొంతెత్తి అడుగుతోంది. అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ గొంతు కూడా విన్నాను.

అక్కడి నుంచి అత్త నన్ను పూర్తిగా తన చేతుల్లోకి తీసుకుంది. అప్పుడప్పుడే చేతుల్లోకి పెద్ద ఫోన్లు వస్తున్న రోజులు. ఎవరో తెలిసినావిడ ఫోన్లో చూపించిన పద్ధతులన్నీ అత్త నా మీద ప్రయోగించింది. పొద్దున్నే నిమ్మకాయ పిండిన వేడినీళ్ళు. మధ్యాహ్నం ఉలవలు ఉడికించిన నీళ్ళు, అవి కొవ్వు కరిగిస్తాయట. రాత్రి చోడి అంబలి, అది కూడా పలచగా. మధ్యలో ఆకలి వేస్తే నీళ్ళు తాగాలి. డాబా మీద తాడాట. తాడు కాలికి తగిలి ఆగినప్పుడల్లా కింద నుంచి అత్త మళ్ళీ మొదటి నుంచి ఎంచమనేది. నేను తగ్గలేదు. ఆకలికి ఆగలేక కాలేజీ దగ్గర బజ్జీలు తినేదాన్ని. తాడాట మానేసి డాబా మీద చతికిలబడి, కాళ్ళతో టపటపా చప్పుడు చేసేదాన్ని. అత్త పద్ధతికి నేను ఓడిపోయాను, నా పద్ధతికి అత్త ఓడిపోయింది. ఇలా నెలలు గడిచాక, వేసవి సెలవులు మొదలయ్యే వేళకు, నేను సన్నబడడం మొదలుపెట్టాను.

నాకే నమ్మకం కుదరలేదు. ఏమీ చెయ్యకుండా లంగా బొందు జారుతోంది. ముఖంలో బుగ్గలు పోయి దవడ బయటపడింది. విపరీతమైన దాహం. బిందె దగ్గరే కూర్చుని చెంబుల కొద్దీ నీళ్ళు తాగేదాన్ని. నీళ్ళు బాగా తాగమని చెప్పిందే అత్త కాబట్టి అది చూసి మురిసిపోయింది. రాత్రిళ్ళు మాటిమాటికీ లేవడం చూసి కొవ్వంతా నీరై పోతోందని అందరికీ చెప్పింది. ఆకలి మునుపటికంటే ఎక్కువైంది, దొరికింది దొరికినట్టు తింటున్నాను, అయినా తగ్గుతున్నాను. అది దేవుడు నా ఒక్కదాని కోసం చేసిన అద్భుతం అనుకున్నాను. మెట్లెక్కితే కాళ్ళు పీకేవి. దూరంగా ఉన్న అక్షరాలు అలుక్కుపోయి కనబడితే నాన్న కళ్ళజోడు చేయించాడు. పక్కింటావిడ పిల్ల నీరసంగా ఉందేమో అంటే, ఒళ్ళు తగ్గేటప్పుడు అలాగే ఉంటుందని అత్త కొట్టిపారేసింది.

ఆ రెండు నెలలూ నా జీవితంలో నేను ఎరిగిన ఆనందం అంతా ఇంతా కాదు. దాన్ని దాచిపెట్టి రాస్తే ఈ కథ అబద్ధమవుతుంది. అత్త గోలెం అనడం మానేసింది. "మా దీవెన" అనేది. బీరువాలో మూలుగుతున్న జాకెట్లన్నీ ఒక్కొక్కటే తీసి తనే తొడిగి, హుక్కులు పెట్టి, అద్దం ముందు నిలబెట్టేది. జడ వేసేది. నా చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకెళ్ళేది, ఎదురైన ప్రతివాళ్ళ దగ్గరా ఆగేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఆ పద్ధతేమిటో చెప్పమని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. అత్త హాల్లో కూర్చుని వాళ్ళకు ఉలవనీళ్ళ కొలతలు చెప్పేది. నేను పక్కన నిలబడి ఉండాలి, చూపించడానికి. ఒక ఆదివారం ఆరాధనలో అత్త నన్ను సాక్ష్యం చెప్పమని లేపింది. నేను మైకు దగ్గరికి వెళ్ళి, ప్రార్థన వల్లా మా అత్త శ్రద్ధ వల్లా దేవుడు నన్ను తగ్గించాడని చెప్పాను. గొంతు ఎండిపోయి మాట సరిగా రాలేదు. భక్తితో గద్గదమైందనుకుని అందరూ స్తోత్రం అన్నారు. ఆ మధ్యాహ్నమే అత్త నన్ను స్టూడియోకు తీసుకెళ్ళింది.

ఆ తర్వాత నాలుగైదు రోజులకు వాంతులు పట్టుకున్నాయి. ఖాళీ కడుపు మీద ఎండ తగిలిందని అత్త నిమ్మరసంలో పంచదార కలిపి తాగించింది. తాగినకొద్దీ వాంతి. సాయంత్రానికి ఊపిరి పెద్దపెద్దగా, పరిగెత్తినట్టు వస్తోంది. నా నోటి దగ్గర మిగలపండిన పళ్ళ వాసన వచ్చిందట. అత్త మంచం పక్కన మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టింది. నాకు గుర్తున్నది అంతవరకే. నాన్న ఆఫీసు నుంచి వచ్చి చూసి, మొట్టమొదటిసారి అత్త మాట పూర్తికాకుండానే నన్ను ఎత్తి ఆటోలో పడేశాడు. ఆసుపత్రిలో జరిగింది చాలా కాలం తర్వాత నాన్నే ఒకసారి చెప్పాడు. డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు వేలు గుచ్చి రక్తం చూసి, నర్సులను పిలిచి, ఇటు తిరిగి ఈ పిల్ల ఎన్నాళ్ళ నుంచి తగ్గుతోందని అడిగింది.

"రెండు నెల్ల నుంచండి" అంది అత్త. "సాలా తగ్గింది. నేనే తగ్గించినాను."

"మీరు తగ్గించలేదమ్మా" అంది డాక్టరు. "షుగరు దీన్ని తినేసింది. ఇంకో పూట ఆగి ఉంటే నా దగ్గరికి తెచ్చి లాభం ఉండేది కాదు."

అత్త వరండాలోకి వెళ్ళిపోయిందట. నేను తెలివిలోకి వచ్చాక, నాకు మొదట తెలిసింది నా రెండు చేతులకీ సూదులున్నాయని. రెండోది, ఇక రోజూ ఉంటాయని. చిన్నవయసులో వచ్చే ఈ రకం షుగరుకు బిళ్ళలు పనిచెయ్యవనీ, బతికినన్నాళ్ళూ ఇన్సులిన్ తీసుకోవాలనీ డాక్టరు మంచం మీద నా పక్కన కూర్చుని చెప్పింది. అందులో నా తప్పుగానీ నా తిండి తప్పుగానీ ఏదీ లేదని కూడా చెప్పింది. ఆ మాట నేను నమ్మలేదు. అన్నేళ్ళు విన్నది ఒక్క మాటతో పోతుందా?

ఇంటికి వచ్చాక సూదులతో పాటు ఒళ్ళు కూడా వెనక్కి వచ్చింది. జబ్బు లాక్కుపోయినదంతా శరీరం తిరిగి తెచ్చుకుంది. రెన్నెళ్ళు తిరిగేసరికి జాకెట్లు మళ్ళీ బిగుసుకున్నాయి, బుగ్గలు వచ్చాయి. డాక్టరు చూసి సంతోషించింది. అత్త ముఖం మాడిపోయింది. పద్ధతి కోసం వచ్చే ఆడవాళ్ళు రావడం మానేశారు. అది నేను చేసిన ద్రోహంగా తీసుకుంది అత్త. అందరి ముందూ తన పరువు తీశానంది. గోలెం మళ్ళీ గోలెమైంది. ఒకరోజు జడ వేస్తూ, మెల్లగా, ముద్దుగానే అంది: "ఆ సూదే నిన్ను ఊదబెడతన్నాది. రాత్రి సూది మానేసి సూడు. నాలుగు దినాల్లో ముందుటిలాగ అయిపోతావు." నాకు ఒక్క క్షణం మానెయ్యాలనే అనిపించింది. ముందుటిలాగ అంటే ఏమిటో నాకు తెలుసు. అత్త చెయ్యి పట్టుకుని బజార్లో నడవడం. ఆసుపత్రి మంచం కూడా గుర్తుంది కాబట్టి మానలేదు, అంతే.

నేను మానకపోతే తనే మాన్పించాలనుకుంది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసా లేదు. అమ్మ ఇల్లంతా వెతికింది. అడిగితే అత్త హాల్లో కూర్చుని బైబిలు చదువుకుంటూ, విశ్వాసం ఉన్న ఇంట్లో అది ఉండక్కర్లేదని, డాబా మీద పెట్టానని చెప్పింది. అమ్మ మెట్లెక్కి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. పిట్టగోడ మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంది సీసా. అమ్మ దాన్ని చేత్తో పట్టుకుంటే కాలింది. చీరకొంగుతో పట్టుకుని కిందికి తెచ్చింది. పాడైన మందు కాబట్టి నాన్నను వెంటనే మందుల షాపుకు తరిమింది. తర్వాత అత్త ముందుకు వెళ్ళి నిలబడింది. అన్నేళ్ళలో అమ్మ అత్తకు ఎదురుగా నిలబడడం నేను చూడలేదు.

"వదినా" అంది. "నా కూతురు లావుగానే ఉంటాది. బతికుంటాది."

"ఏడో క్లాసు" అంది అత్త, బైబిల్లోంచి తలెత్తకుండా.

అమ్మ లోపలికి వెళ్ళి గిన్నెలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రానికి అమ్మా నేనూ శ్రీకాకుళంలో అమ్మకు తెలిసిన ఒక చర్చి కుటుంబం ఇంట్లో ఉన్నాం. ఆ వారంలోనే నాగావళికి దగ్గరలో రెండు గదులు అద్దెకు దొరికాయి. నాన్న కొన్నాళ్ళు అత్త దగ్గరే ఉండి, తర్వాత ఒకరోజు తన పెట్టె తెచ్చుకుని మా గుమ్మంలో దిగాడు. అమ్మ కంచం పెట్టింది.

కొత్త ఇంట్లో సుఖపడ్డామని రాయాలని ఉంటుంది గానీ, అమ్మ అత్త కంటే మెత్తనిదేమీ కాదు. నా సంచి వెతికేది, జేబులు వాసన చూసేది. డాక్టరు నాతో చెప్పింది వేరు. అన్నం మానొద్దు, రోజూ ఒకే వేళకు ఒకే కొలతలో తిను, కంచంలో సగం కూర ఉంచుకో, రోజూ నడువు, సన్నబడాలని కూర్చోకు అంది. వెళ్ళేటప్పుడు ఇంకో మాట కూడా అంది: "రేపు చెయ్యలేనిది ఇవాళ మొదలెట్టకు." నాకు బతుకంతటికీ పనికొచ్చింది ఆ ఒక్క మాటే. అప్పుడు మాత్రం అది చాలా చిన్న మాటలా అనిపించింది. అత్త దగ్గర అన్నీ పెద్ద మాటలు, పెద్ద ఉపవాసాలు చూసి వచ్చినదాన్ని.

అమ్మా నేనూ తెల్లవారి అయిదింటికి నదివైపు నడవడం మొదలుపెట్టాం. అమ్మ చీర కాస్త ఎత్తి దోపుకుని, రబ్బరు చెప్పులతో నా ముందు నడిచేది. పల్లెలో పొలాలకు నడిచిన కాళ్ళు. నా కోసం ఆగేది కాదు, వెనక్కి తిరిగి చూసేది కాదు. నా తొడలు ఒరుసుకుని మంటపుట్టేవి, మడమలు పొక్కులెక్కేవి. మైదానానికి పోయే కుర్రాళ్ళు నన్ను చూసి రోడ్డు కుంగిపోతుందని అరిచేవారు. అమ్మ వాళ్ళనూ ఏమీ అనేది కాదు. పాత వంతెన దగ్గరికి నేను చేరుకునేసరికే, నాకు ఊపిరి తిప్పుకునే వ్యవధి ఇవ్వకుండా వెనక్కి బయల్దేరేది. ఎన్నోసార్లు నడిరోడ్డు మీద ఏడ్చాను. వర్షంలో నడిచాం, తుపానుకు చెట్లు పడిపోతే వాటి మీంచి దాటుకుంటూ నడిచాం. ఏడాది తిరిగేసరికి నేను తగ్గింది ఎవరూ గుర్తుపట్టనంత కొంచెం. రెండేళ్ళకు మెట్లెక్కితే ఆయాసం రావడం లేదని నేనే గమనించాను. అప్పటికి అమ్మతో సమానంగా నడుస్తున్నాను. మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. చెప్పుల చప్పుడు మాత్రం ఒకటిగా వినబడేది.

ఇప్పుడు అదే దారిలో చేతికి వాచీలు పెట్టుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచే ఆడవాళ్ళు బోలెడుమంది. నన్ను చూసి రోడ్డు కుంగుతుందని ఎవరూ అరవరు. అత్త ఉలవనీళ్ళ పద్ధతి మాత్రం ప్రతి ఫోన్లోనూ ఉంది, నెలలో ఇంత తగ్గిపోతారని ఎవరో ఒకరు నవ్వుతూ చెబుతుంటారు. ఒళ్ళు తగ్గినవాళ్ళను చూస్తే మనవాళ్ళు ఇప్పటికీ బాగున్నారనే అంటారు, ఒంట్లో బాగుందా అని అడగరు. నేను మళ్ళీ ఎప్పుడూ సన్నబడలేదు. దుకాణంలో నా కొలత బట్టలు పై అరలో ఉంటాయి. అయినా రోజూ నడుస్తాను, రెండు పూటలా అన్నం తింటాను, సూది వేసుకుంటాను, పెళ్ళి చేసుకుని ఒక పిల్లను కన్నాను.

ఆ పిల్ల కడుపులో ఉండగా అమ్మ దగ్గరికి వచ్చి ఉన్నప్పటిది ఈ చివరి సంగతి. కాన్పుల డాక్టరు, మా కుటుంబంలో చిన్నతనంలోనే ఈ షుగరు వచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది. ఎవరూ లేరని చెప్పాను. పక్కన కూర్చున్న అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నడుస్తుండగా, వంతెన ఇంకా దూరంగా ఉండగానే, అమ్మ తనంతట తాను మాట్లాడింది. తనకు ఒక తమ్ముడు ఉండేవాడని, చిన్నప్పుడే పోయాడని చెప్పింది. ఆ సంగతి నేనెప్పుడూ వినలేదు.

"ఆడూ ఇలాగే నీళ్ళు తాగీవోడు" అంది. "కుండ దగ్గరే పడుండీవోడు. తిన్నా ఎండిపోయినాడు. ఊళ్ళో గాలి సోకిందన్నారు."

నేను అడగకూడదనుకుంటూనే అడిగాను. "మరి నన్ను సూసినప్పుడు నీకు తెలీలేదా?"

అమ్మ నడక ఆపలేదు. "తెలిసింది."

కొంత దూరం పోయాం. పాలవాడి బండి ఒకటి మమ్మల్ని దాటిపోయింది.

"ఏటి సెప్పమంటావు" అంది అమ్మ. "అందరూ నిన్ను బాగుందంటన్నారు. మీ అత్త ఆ రెన్నెల్లూ నన్నొక్క మాటనలేదు. ఇంకో నాలుగు దినాలు సూద్దామనుకున్నాను."

అమ్మ క్షమించమని అడగలేదు, అడుగుతుందని నేను అనుకోనూ లేదు. మేమిద్దరం ఎప్పటిలాగే వంతెన దాకా వెళ్ళాం, వెనక్కి తిరిగాం. ఆ రోజంతా అమ్మ పెట్టిన అన్నం తినబుద్ధి కాలేదు. కడుపులో బిడ్డ ఉంది, సూది వేసుకున్నాను కాబట్టి తినాలి. మజ్జిగలో కలుపుకుని మింగాను.

మర్నాడు అయిదింటికి అమ్మ వీధి గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడింది. పిలవలేదు. నేను మంచం మీద కూర్చుని, కిటికీలోంచి ఆవిడ వీపు చూస్తూ చాలా సేపు ఉండిపోయాను. వెలుతురొచ్చింది. అవతలింటివాళ్ళు వాకిలి ఊడ్చుకుని లోపలికి వెళ్ళిపోయారు. అమ్మ కదల్లేదు. ఆవిడ ఎవరి కోసమైనా ఆగడం నేను చూడడం అదే మొదటిసారి. నేను లేచి జుట్టు ముడేసుకుని, చెప్పులు వెతుక్కుని, బయటికి వెళ్ళాను.